పడమర రోడ్డు, తూర్పుకి 8 అడుగుల వాలు: ప్లాన్ చూసి సలహా చెప్పండి

కొమ్మాది_ఇల్లు
అందరికీ నమస్కారం. విశాఖలో మధురవాడ దాటాక కొండవార లేఅవుట్‌లో మాకు 267 గజాల స్థలం ఉంది. రోడ్డు పడమర. ఉత్తర దక్షిణాలు 40 అడుగులు, తూర్పు పడమరలు 60. రోడ్డు దగ్గర్నుంచి తూర్పు హద్దుకి వెళ్లేసరికి నేల 8 అడుగులు దిగిపోతుంది. మేడ మీదకెక్కితే దూరంగా సముద్రం కనిపిస్తుంది. స్థలం కొన్నదే దానికోసం.

ఇంట్లో మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అమ్మ, నాన్న. అమ్మకి మోకాళ్ల నొప్పులు.

ఇప్పుడు చేతిలో రెండు ప్లాన్లున్నాయి. బిల్డర్ చెప్పేది: మొత్తం గ్రావెల్ తోలించి రోడ్డు లెవెల్‌కి తెచ్చి, మామూలు స్థలంలో కట్టినట్టు జీ ప్లస్ వన్ కట్టేద్దాం అని. ఆర్కిటెక్ట్ ఇచ్చింది: వాలుతో పాటు దిగేలా మూడు మెట్లు మెట్లుగా ఇల్లు. హాలు ఒక లెవెల్, డైనింగ్ మూడడుగుల కింద, బెడ్‌రూమ్‌లు ఇంకో మూడడుగుల కింద. బొమ్మలో అయితే అద్దిరిపోయింది. రోడ్డు వైపు 10 అడుగులు, మిగతా మూడు వైపులా 5 అడుగులు వదిలితే ఇంటికి 30 x 45 మిగులుతుంది.

మీరైతే ఏది కడతారు?

మేస్త్రీగారబ్బాయి
అన్నా, ముందు ఒక ప్రశ్న. 8 అడుగులు అని ఎవరు కొలిచారు? కంటితో చూసి చెప్పారా, లెవెల్ గొట్టం పట్టారా? ఖాళీ స్థలంలో వాలు కన్ను పట్టదు. పక్క గోడ వరసల్ని బట్టి ఒకరు ఐదంటారు, ఒకరు పదంటారు.

కొమ్మాది_ఇల్లు
సర్వేయర్‌తో ఆటో లెవెల్ పెట్టించి చూపించామండీ. ప్రతి 10 అడుగులకీ ఒక పాయింటు తీశారు. వాలు దాదాపు ఒకే తీరుగా ఉంది, మధ్యలో గుంటలు లేవు. ఉత్తరం దక్షిణం మధ్య తేడా రెండు మూడు అంగుళాలే.

కాలమ్‌బీమ్
మంచి పని చేశారు. చాలామంది స్లాబ్ వేశాక కొలుస్తారు.

ముందు బిల్డర్ మాట. 40 x 60 స్థలం, ఒక వైపు సున్నా, ఇంకో వైపు 8 అడుగులు. సగటు 4 అడుగులు. అంటే 9600 ఘనపుటడుగుల మట్టి. వంద ఘనపుటడుగులు ఒక యూనిట్ కాబట్టి 96 యూనిట్లు. ఇది కుదించిన తర్వాత ఉండాల్సిన లెక్క. తోలేటప్పుడు ఇంకా ఎక్కువే పడుతుంది. ఈ మట్టిని పట్టుకోవడానికి తూర్పున 40 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు కాంక్రీటు రిటైనింగ్ వాల్ కావాలి. ఉత్తరం, దక్షిణం వైపు సున్నా నుంచి 8కి పెరిగే గోడలు రెండు. మామూలు ప్రహరీ గోడ దానికి ఆగదు. 9 అంగుళాల ఇటుక గోడ కట్టి వెనక మట్టి పోస్తే మొదటి పెద్ద వానకే పొట్ట ఉబ్బుతుంది.

ఇంత చేసినా పునాది తోలిన మట్టి మీద నిలబడదు. కాలమ్‌లు ఆ 8 అడుగులూ దాటి, కింద అసలు నేలలో దిగాల్సిందే. అంటే డబ్బు పెట్టి మట్టి తోలించి, మళ్లీ డబ్బు పెట్టి అదే మట్టిని తవ్వి పునాది వేస్తారు. ఆ 8 అడుగుల్లో గది కట్టుకోవచ్చు కదా!

ఎర్రనేల
పై పాయింటుకి నా ఓటు. మన వైపు ఎర్రమట్టి నీళ్లకి ఎలా కోసుకుపోతుందో భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. మా వీధిలో ఒకరు ఇలాగే నింపించి కట్టారు. ఇంటికి ఏమీ కాలేదు, కాలమ్‌లు లోతుకే ఉన్నాయి. కానీ చుట్టూ వేసిన టైల్స్ అన్నీ కుంగిపోయాయి, డ్రైనేజీ పైపు జాయింట్ల దగ్గర ఊడిపోయింది. వాసన వస్తే గానీ తెలియలేదు.

శారద_సీతమ్మధార
నేను ఇంజినీర్‌ని కాదు, కానీ మోకాళ్ల గురించి నాకు తెలుసు. ఆర్కిటెక్ట్ గారి బొమ్మ బాగానే ఉంటుంది. మీ అమ్మగారు పొద్దున్నే లేచి కాఫీకి ఆరు మెట్లెక్కాలి. టీవీకి ఇంకో ఆరు. మందులు మర్చిపోతే మళ్లీ కిందకి. రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు నిద్రమత్తులో మెట్టు తప్పితే? ఒక్కో లెవెల్‌కి ఆరు మెట్లే కదా అనిపిస్తుంది. రోజంతా కలిపి లెక్కేయండి, రెండంతస్తులు ఎక్కి దిగినట్టే. పైగా అలాంటి ఇంట్లో ఏ రోజుకీ లిఫ్ట్ పెట్టలేరు. ఏ లెవెల్‌లో ఆపుతారు?

వంటిల్లు, పూజ, అమ్మా నాన్నల గది, ఒక బాత్రూమ్, హాలు. ఈ ఐదూ గడప దాటాక ఒక్క మెట్టు కూడా లేకుండా ఒకే నేల మీద ఉండాలి. మిగతావి పైన ఉన్నా కింద ఉన్నా పర్లేదు.

సియాటిల్_సుబ్బు
నేనుండే చోట వాలు స్థలాల్లో శారద గారు చెప్పినట్టే కడతారు. రోడ్డు వైపు నుంచి చూస్తే ఒక అంతస్తు, వెనక పెరటి వైపు నుంచి చూస్తే రెండు. కింది అంతస్తుకి మూడు వైపులా మట్టి ఉన్నా నాలుగో వైపు పూర్తిగా తెరిచి ఉంటుంది, వెలుతురు బ్రహ్మాండంగా వస్తుంది. డేలైట్ బేస్‌మెంట్ అంటారు. మా అత్తగారు వాళ్లు వచ్చినప్పుడు అక్కడే ఉంటారు. కాకపోతే ఇక్కడి గోడలు చెక్క, వాన సన్నం. విశాఖ వానకి ఇదే మక్కీకి మక్కీ దించకండి, నీళ్ల సంగతి గట్టిగా చూసుకోండి.

వాస్తు_విశ్వం
నమస్కారం. మీ స్థలం అదృష్టమైనది. పడమర ఎత్తు, తూర్పు పల్లం. దీన్ని మట్టితో నింపి చదును చేసుకోవడమేమిటి? కింది గది సెల్లార్‌లాగా వచ్చేది తూర్పు భాగంలోనే కాబట్టి దోషం లేదు. ఇంటి మొత్తం కిందా తవ్వకండి, పడమర సగం తవ్వొద్దు. సింహద్వారం పడమర వాయవ్యంలో పెట్టండి. ఈశాన్యంలో మెట్లు మాత్రం వద్దు.

కాలమ్‌బీమ్
విశ్వం గారితో నేను ఏకీభవించడం అరుదు, కానీ ఈసారి లెక్క కూడా అదే చెబుతోంది. తూర్పు సగం కిందే తవ్వకం తక్కువ.

కొమ్మాది గారూ, లెవెల్స్ వేసి చూద్దాం. రోడ్డు అంచు సున్నా అనుకోండి. ఇంటి పడమర గోడ రోడ్డుకి 10 అడుగుల దూరంలో, అక్కడ నేల −1.33. ఇంటి తూర్పు గోడ 55 అడుగుల దగ్గర, అక్కడ −7.33. హద్దు దగ్గర −8.

సుబ్బు గారు చెప్పినట్టు రెండు అంతస్తులనుకుందాం. రోడ్డు వైపు కనిపించే పై ఫ్లోర్ +3 అడుగులకి పెట్టి, ఫ్లోర్‌కి ఫ్లోర్‌కి మధ్య 10 అడుగులు ఇస్తే కింది ఫ్లోర్ −7 దగ్గర వస్తుంది. తవ్వకం తక్కువ, కింద హాయిగా ఉంటుంది. కానీ రోడ్డు నుంచి గడపకి ఆరు మెట్లు.

శారద_సీతమ్మధార
ఆరు మెట్లా! ఇంటి లోపల మెట్లు తీసేసి గుమ్మంలో పెట్టారు.

కాలమ్‌బీమ్
అక్కడికే వస్తున్నానండీ. పై ఫ్లోర్ +2కి దించండి. 6 అంగుళాల మెట్లు నాలుగు చాలు, పక్కన గట్టి రెయిలింగ్. ఫ్లోర్‌కి ఫ్లోర్‌కి తొమ్మిదిన్నర అడుగులు. కింది ఫ్లోర్ −7.5. అక్కడ ఇంటి గోడ దగ్గర సహజ నేల −7.33, అంటే ఫ్లోర్ కన్నా నేలే రెండంగుళాలు ఎత్తు. ఇలా వదిలేస్తే నీళ్లు లోపలికే. అందుకని వెనక వదిలిన 5 అడుగుల పట్టీ మొత్తాన్ని −8కి చెక్కి చదును చేయాలి. అప్పుడు కింది గది బయటి నేల కన్నా 6 అంగుళాలు ఎత్తులో ఉంటుంది. హద్దు ఎలాగూ −8 కాబట్టి తవ్వేది చారెడు మట్టే.

9.5 అడుగులంటే 114 అంగుళాలు. మెట్టు 6 అంగుళాలు పెడితే సరిగ్గా 19 మెట్లు. బేసి సంఖ్య, విశ్వం గారికీ సంతోషం.

వాస్తు_విశ్వం
🙏

కొమ్మాది_ఇల్లు
చాలా క్లియర్‌గా ఉంది సార్, థాంక్యూ. అయితే కింది అంతస్తు ఎంత లోపలికి పెట్టాలి? మా ఆవిడ మొత్తం 45 అడుగులూ కింద గదులు కావాలంటోంది.

కాలమ్‌బీమ్
తూర్పు నుంచి 20 అడుగులు చాలు. 20 x 30, 600 చదరపు అడుగులు. ఆ 20 అడుగుల చివర సహజ నేల −4.67. అంటే అక్కడ తవ్వకం మూడడుగుల లోపే. ఇంకా లోపలికి వెళ్తే ప్రతి గదీ గుహే, వెలుతురు రాదు, మట్టి గోడ ఎత్తు పెరుగుతుంది, చెమ్మ పెరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయం. మిగిలిన పడమర 25 అడుగుల ఇంటి కింద ఏం చేస్తారు? అక్కడ ఫ్లోర్ +2, నేల −1.33 నుంచి −4.67. అంటే మూడున్నర నుంచి ఆరున్నర అడుగుల ఖాళీ. మేస్త్రీ అయితే ఆ ఖాళీలో గ్రావెల్ పోసేసి పైన కాంక్రీటు వేస్తానంటాడు. అలా చేస్తే ఆ మట్టి ఒత్తిడంతా మీ కింది బెడ్‌రూమ్ పడమర గోడ మీద పడుతుంది. మూడడుగుల మట్టిని ఆపాల్సిన గోడ దాదాపు తొమ్మిది అడుగుల మట్టిని ఆపాలి. పోయొద్దు. ఖాళీగానే వదలండి. బీమ్‌ల మీద స్లాబ్ వేసుకోండి. ఖర్చు కొంచెం ఎక్కువ, కానీ ఆ గోడలో స్టీలు తగ్గుతుంది, మట్టి తోలకం తగ్గుతుంది.

మేస్త్రీగారబ్బాయి
ఇంకో లాభం కూడా ఉంది. పడమర బాత్రూమ్‌ల పైపులన్నీ ఆ ఖాళీలోంచే వెళ్తాయి. రేపు లీకయితే టైల్స్ పగలగొట్టక్కర్లేదు, టార్చిలైటు పట్టుకుని లోపలికి వెళ్లి చూసుకోవచ్చు. పక్క గోడకి రెండడుగుల చిన్న తలుపు పెట్టించండి, ఎదురెదురుగా గాలి రంధ్రాలు వదలండి. రంధ్రాలకి సన్నటి స్టీలు జాలీ తప్పకుండా వేయించాలి. కొండవార కదా, లేకపోతే పాములకి మీరే ఇల్లు కట్టించి ఇచ్చినట్టు.

ఎర్రనేల
పాము సంగతి నవ్వులాట కాదు, మా పెరట్లో వానాకాలం వస్తే చాలు. జాలీ కంత బొటనవేలు కూడా పట్టకూడదు.

కొమ్మాది_ఇల్లు
సరే, జాలీ ఫిక్స్. 😄 ఇంకో డౌట్. కింద బాత్రూమ్ పెడుతున్నాం కదా, డ్రైనేజీ ఎటు వెళ్తుంది? మా లేఅవుట్‌లో భూగర్భ డ్రైనేజీ ఇంకా రాలేదు. వచ్చినా రోడ్డు మీదే వస్తుంది, రోడ్డేమో పైన.

మేస్త్రీగారబ్బాయి
వాలు స్థలాల్లో అందరూ మర్చిపోయేది ఇదే. నీళ్లు పైకి పారవు. ఇప్పటికి సెప్టిక్ ట్యాంకే దారి, అది తూర్పు వైపే ఉండాలి. ఈశాన్యం వద్దంటారు కాబట్టి తూర్పు ఆగ్నేయం. మా సిద్ధాంతి కూడా దానికి ఒప్పుకుంటాడు. పునాదికి ఆనించి తవ్వకండి, దూరం ఎంతన్నది కాలమ్‌బీమ్ గారు చెప్పాలి.

ఒక చిన్న పని ఇప్పుడే చేయించుకోండి. ట్యాంకు నుంచి దక్షిణం సందులోంచి రోడ్డు గేటు దాకా 4 అంగుళాల గట్టి పైపు ఒకటి, ట్యాంకు అడుగుదాకా దించి, వేసి ఉంచండి. ట్యాంకు ఎత్తడానికి లారీ వచ్చినప్పుడు వాళ్ల గొట్టం గేటు దగ్గరే తగిలిస్తారు. లేకపోతే ఆ మురికి గొట్టాన్ని మీ ఇంటి పక్కనుంచి ఈడ్చుకుంటూ వెనక్కి తీసుకెళ్లాలి. ఆ కంపు ఏం చెప్పను.

రోడ్డు మీద డ్రైనేజీ వచ్చిన రోజున పై అంతస్తుల బాత్రూమ్‌లని అటు తిప్పుకోవడానికి పడమర వైపు ఒక చాంబర్ కూడా ఉంచండి. కింది బాత్రూమ్ ఒక్కటీ ట్యాంకులోకే పోతుంది.

కాలమ్‌బీమ్
ట్యాంకు దూరం గురించి: ట్యాంకు అడుగు మీ ఫుటింగ్ (కాలమ్ కింద వేసే కాంక్రీటు దిమ్మె) అడుగు కన్నా లోతుకి వెళ్తే ఆ మూలన ఫుటింగ్ కూడా లోతుకి దించాలి. 5 అడుగుల పట్టీలో రెండూ పట్టాలి కాబట్టి ట్యాంకుని వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువగా డిజైన్ చేయించండి. ఇటుకతో కాదు, కాంక్రీటుతో.

ఫుటింగుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. వాలులో పక్కపక్క ఫుటింగులు వేరువేరు లోతుల్లో వస్తాయి. పైదాని అంచుకీ కిందిదాని అంచుకీ గీత గీస్తే, రెండడుగులు పక్కకి వెళ్లేసరికి ఒక అడుగు కన్నా ఎక్కువ దిగకూడదు. అంతకన్నా నిటారుగా ఉంటే పై ఫుటింగ్ బరువు కిందిదాని పక్క మట్టిని తోసేస్తుంది. పునాదుల భారతీయ ప్రమాణం ఐఎస్ 1904లో ఉన్న నియమమే ఇది. ముఖ్యంగా మీ ఇంట్లో పై నేల ఆగి కింది నేల మొదలయ్యే వరసలో చూసుకోండి.

పడమర కాలమ్‌లు పొట్టిగా, తూర్పువి పొడుగ్గా ఉంటాయి. భూకంపం వస్తే పొట్టివాటి మీదే ఎక్కువ బలం పడుతుంది. విశాఖలో భూకంపం ముప్పు తక్కువ కదా అని తేలిగ్గా తీసుకోకుండా, కాలమ్‌లని కలిపే టై బీమ్‌లు సరిగ్గా వేయించండి. స్ట్రక్చరల్ డ్రాయింగ్‌లో నిలువు కోత (ఇంటిని నిలువునా కోసినట్టు చూపే బొమ్మ) లేకుండా ప్లాన్ ఒక్కటే ఇచ్చే ఇంజినీర్‌ని ఈ స్థలానికి పెట్టుకోకండి.

సియాటిల్_సుబ్బు
వాన నీళ్లు? పైన రోడ్డు, రోడ్డు పైన కొండ. అదంతా ఎటు పోతుంది?

ఎర్రనేల
వీళ్ల గేట్లోకి 🙂

నిజంగానే. కొండ మీద కురిసింది రోడ్డు మీదకి, రోడ్డు నుంచి మీ కారు షెడ్లోకి, అక్కడ్నుంచి హాలు గోడకి. గేటు లోపల ఈ చివర నుంచి ఆ చివర వరకు ఇనప గ్రేటింగ్‌తో అడుగు వెడల్పు కాలువ వేయించండి. కారు నిలిపే చోటు ఇంటి వైపు కాదు, రోడ్డు వైపు వాలేలా నింపాలి. మీ నేల సహజంగా ఇంటి వైపే దిగుతుంది కాబట్టి అది పనివాళ్లకి గట్టిగా చెప్పకపోతే తప్పు వేసేస్తారు. ఆ కాలువ నీళ్లని రెండు పక్కల సందుల్లోంచి మెట్లమెట్ల కాలువతో కిందకి దించాలి. నున్నటి కాలువైతే వేగానికి చివర నేల కోసేస్తుంది.

తూర్పు పక్క స్థలం వాళ్లది ఇంకా పల్లమా? అయితే నీళ్లు వాళ్ల మీదకి వదలకండి. ఇప్పుడు ఖాళీ స్థలమని ఊరుకుంటారు, రేపు ఇల్లు కట్టాక గొడవ.

కొమ్మాది_ఇల్లు
అవును, పల్లమే. తూర్పు హద్దు వెంట ఉత్తరానికి పారే వర్షపు కాలువ లేఅవుట్ వాళ్లు తవ్వారు, దాంట్లో కలపొచ్చు. మధ్యలో ఇంకుడు గుంత కూడా వేద్దామనుకుంటున్నా.

కాలమ్‌బీమ్
ఇంకుడు గుంత తూర్పు పట్టీలో, ఈశాన్యం వైపు, సెప్టిక్‌కి దూరంగా. ఇంటికి పైన, అంటే పడమర వైపు మాత్రం వేయకండి. అక్కడ ఇంకిన నీళ్లు నేరుగా కింది గది గోడ వెనక్కి వస్తాయి.

ఆ గోడకి బయటి వైపు నుంచే వాటర్‌ప్రూఫింగ్. లోపల నుంచి రంగు డబ్బా పూసే వాటర్‌ప్రూఫింగ్ ఏ కంపెనీదైనా నేను నమ్మను. గోడ వెనక అడుగు మందాన కంకర, అడుగున కంతల పైపు, ఆ పైపు రెండు పక్కలకీ బయటికి. నీళ్లు చేరకపోతే గోడకి సగం కష్టం తగ్గినట్టే.

శారద_సీతమ్మధార
నీళ్లు, మట్టి అయ్యాయి. ఇప్పుడు గదులు చూద్దామా? మొదటి పోస్టులో గదుల కొలతలు ఇవ్వలేదు మీరు.

కొమ్మాది_ఇల్లు
ఆర్కిటెక్ట్‌తో కూర్చుని మార్పించానండీ. రోడ్డు లెవెల్ అంతస్తు ఇప్పుడిలా ఉంది.

వాయవ్యంలో కారు. ముందు వదిలిన 10 అడుగులకి తోడు ఇంట్లోంచి 8 అడుగులు లోపలికి జరిపి 18 అడుగులు చేశాం. కారు వెనక అమ్మావాళ్ల గది 12 x 12, దానికి బాత్రూమ్. నైరుతిలో మా బెడ్‌రూమ్ 12 x 14. దక్షిణం గోడ మధ్యలో మెట్లు, పైకీ కిందకీ ఒకే చోట. ఆగ్నేయంలో వంటిల్లు 10 x 12. ఈశాన్యం వైపు హాలు, డైనింగ్ కలిపి, తూర్పుకి పెద్ద స్లైడింగ్ అద్దాల తలుపు, దాని బయట 5 అడుగుల బాల్కనీ. పూజ గది డైనింగ్ పక్కన. కింద ఒక బెడ్‌రూమ్, నేను పని చేసుకునే గది, పిల్లలు ఆడుకునే హాలు. పై అంతస్తు తర్వాత చూసుకుంటాం, ఇప్పటికి మెట్లగది వరకే.

శారద_సీతమ్మధార
ఇది ఇల్లులా ఉంది. రెండు మూడు మాటలు.

అమ్మావాళ్ల గది తలుపు ఎదురుగా హాల్లో సోఫా రాకుండా చూడండి, ఎవరైనా వచ్చి కూర్చుంటే ఆవిడ బయటికి రావడానికి ఇబ్బంది పడతారు. వాళ్ల బాత్రూమ్ తలుపు మూడడుగులుండాలి, బయటికి తెరుచుకోవాలి. లోపల పడిపోతే తలుపుకి అడ్డంగా పడతారు, లోపలికి తెరుచుకునే తలుపైతే తీయలేం. బాత్రూమ్ గడప ఎత్తు అరంగుళం దాటొద్దు.

వంటింటి పక్కన వాషింగ్ మెషీన్, గిన్నెలు కడిగే చోటు ఎక్కడ? కింది బాల్కనీలో పెడతారేమో, అలా అయితే రోజుకి పది సార్లు దిగాలి.

కొమ్మాది_ఇల్లు
వంటింటి తూర్పున బాల్కనీలోనే నాలుగడుగులు గోడ కట్టి యుటిలిటీ చేస్తున్నాం. కింది బాత్రూమ్ దాని కిందే వస్తుంది, పైపులు ఒకే వరసలో దిగుతాయి.

మేస్త్రీగారబ్బాయి
తూర్పు అద్దాల గురించి ఎవరూ అడగలేదు. 2014 అక్టోబర్ 12 గుర్తుందా? హుద్‌హుద్ తుఫాను రోజు మా అపార్ట్‌మెంట్‌లో స్లైడింగ్ తలుపు పట్టాలోంచి లేచి హాల్లోకి వచ్చి పడింది. అద్దం పగల్లేదు, మొత్తం ఫ్రేమే ఊడొచ్చింది.

కాలమ్‌బీమ్
విశాఖకి భవనాల డిజైన్ కోడ్‌లో ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. మీ ఇల్లు వాలు మీద, తూర్పుకి అడ్డు లేకుండా ఉంది కాబట్టి ఇంకా గట్టిగానే తగులుతుంది. 12 అడుగుల తలుపు ఒకటి కాకుండా మధ్యలో కాలమ్ వచ్చేలా రెండుగా చీల్చండి. టఫెన్డ్ గ్లాస్, ఫ్రేమ్‌కి లోపల స్టీలు, కాంక్రీటులోకి దిగే బోల్టులు. వెండర్‌ని ఎంత గాలికి డిజైన్ చేశావని కాగితం మీద అడగండి. సగం మంది ఆ ప్రశ్నకే మాయమవుతారు.

జూబ్లీహిల్స్_రాయి
హైదరాబాద్ నుంచి. మాకు మట్టి కాదు, తవ్వితే గ్రానైట్. మీకు కింద రాయి తగిలే అవకాశం ఉందా? కొటేషన్‌లో "మట్టి తవ్వకం" అని ఒకే రేటు రాయించుకుని, రాయి తగలగానే రేటు మూడింతలు చేసిన కాంట్రాక్టర్‌తో మా ఇంట్లో పెద్ద పంచాయతీ అయింది. మట్టికో రేటు, మెత్తని రాయికో రేటు, గట్టి రాయికో రేటు ముందే రాయించుకోండి.

ఎర్రనేల
ఇక్కడ ఖొండలైట్ రాయి. పైన పుచ్చిపోయి గునపానికి వచ్చేస్తుంది, ఒక్కోచోట మాత్రం గట్టిగా తగులుతుంది. మూడు చోట్ల గుంటలు తవ్వించి చూస్తే చాలు, పెద్ద ఖర్చు కాదు.

సియాటిల్_సుబ్బు
అప్రూవల్‌లో కింది అంతస్తుని సెల్లార్ అంటారా, గ్రౌండ్ ఫ్లోర్ అంటారా? రేపు పైన ఇంకో అంతస్తు వేసేటప్పుడు అది లెక్కలోకి వస్తుంది కదా.

కాలమ్‌బీమ్
మంచి ప్రశ్న. ప్లాన్ పెట్టే లైసెన్స్‌డ్ ఇంజినీర్‌తో ఇది ముందే తేల్చుకోవాలి. రోడ్డు లెవెల్, నాలుగు మూలల నేల లెవెల్స్, రెండు నిలువు కోతలు డ్రాయింగ్‌లో చూపించండి. చదును స్థలం ప్లాన్‌లా పెట్టేసి తర్వాత కింద గదులు కట్టారంటే అతిక్రమణ అంటారు. బ్యాంకు లోన్ ఇంజినీర్ కూడా అప్రూవ్డ్ ప్లాన్‌లో లేని అంతస్తు కనిపిస్తే విడత ఆపేస్తాడు.

శారద_సీతమ్మధార
లిఫ్ట్ గురించి ఒక మాట. ఇప్పుడు పెట్టక్కర్లేదు. మెట్ల పక్కన పైనా కిందా ఒకదాని మీద ఒకటి 5 x 5 స్టోర్ గదులు పెట్టించండి. స్లాబ్‌లో ఆ చదరం చుట్టూ బీమ్‌లు వేసి ఉంచితే రేపు మధ్యది కోసి లిఫ్ట్ దింపుకోవచ్చు. అప్పటిదాకా బియ్యం బస్తాలు పెట్టుకోండి.

కాలమ్‌బీమ్
👍 అడుగున లిఫ్ట్ గుంటకి చోటు కూడా చూసి వదలండి, అక్కడ ప్లింత్ బీమ్ అడ్డం రాకూడదు.

కొమ్మాది_ఇల్లు
ఆర్కిటెక్ట్‌కి ఇవన్నీ పంపాను. మూడు లెవెల్స్ డిజైన్ పోయినందుకు కొంచెం ముఖం మాడ్చుకున్నాడు గానీ, స్టోర్ గదుల చోట లిఫ్ట్ ఐడియా చూసి ఒప్పుకున్నాడు. బిల్డర్ మాత్రం పడమర ఖాళీలో మట్టి పోయకపోతే ఫ్లోర్ "డొల్ల శబ్దం" వస్తుందంటున్నాడు. నిజమా?

కాలమ్‌బీమ్
మీరు ఇప్పుడు ఉంటున్న అపార్ట్‌మెంట్‌లో మొదటి అంతస్తు కింద ఏముంది, మట్టా?

కొమ్మాది_ఇల్లు
కారు పార్కింగ్ 😄 అర్థమైంది. వచ్చే వారం గుంటలు తవ్విస్తున్నాం, ఏ లోతులో ఏం తగిలిందో ఫొటోలతో పెడతాను. సంపు ఈశాన్యంలో భూమిలోనా, ఆ పడమర ఖాళీలోనా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు.

మేస్త్రీగారబ్బాయి
భూమిలోనే. ఖాళీలో పెడితే లీకైన నీళ్లు కింది గోడ వెనక్కే చేరతాయి.